మేం చెక్కేసిన నూరు గజాలు

రోడ్ల శాఖలో గ్యాంగు కూలీగా చేరి, గ్యాంగు మేస్త్రిగా దిగిపోయాను. మధ్యలో ఇరవై ఏడేళ్లు. అక్షరాలు నాకు యాభై దాటాక వచ్చాయి కాబట్టి అప్పటి సంగతులు అప్పుడే రాసిపెట్టుకోలేదు. గుర్తున్నవే ఇప్పుడు రాస్తున్నాను. కొన్ని తప్పిపోయి ఉంటాయి. ఈ ఒక్క సంగతి మాత్రం తప్పిపోలేదు.

పనిలో కొత్తగా చేరిన పిల్లలు ఎక్కడైనా కనబడితే ఒకే మాట అడుగుతారు. "అమ్మా, రోడ్డు పక్క గడ్డి జానెడు ఇడిచి కొయ్యాలని ఎవరు పెట్టిన్రు ఈ రూలు? మొత్తం చెక్కేస్తే సాఫ్‌గ ఉండదా?" వాళ్లను తప్పుపట్టను. మేమూ అచ్చం అట్లాగే అనుకున్నాం. అనుకుని ఊరుకోలేదు, చెక్కేశాం కూడా. మా రోడ్డు మీద ఆ రూలు వచ్చింది మేం చేసిన ఆ తప్పు వల్లే.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి పదేళ్లు దాటిన రోజులు. మా సెక్షన్ ఆఫీసు నాంపల్లిలో, స్టేషనుకు దగ్గరలో ఉండేది. పొద్దున్నే ఆఫీసు వెనక దొడ్లో మస్టరు పిలిచేవారు. పేరు పిలవగానే పలికి, పార తీసుకుని లారీ ఎక్కాలి. లారీ ఊరు దాటించి, పడమటికి పోయే పెద్ద రోడ్డు మీద దించేది. మాది ఆరుగురు ఆడవాళ్ల గ్యాంగు, పైన ఒక మేస్త్రి. మా చేతిలో ఉన్నది మూడు మైళ్ల రోడ్డు. గుంటలు పూడ్చడం మగవాళ్ల గ్యాంగు పని. మాది తారుకు రెండు పక్కలా ఉండే మట్టి అంచు. దాన్ని బర్ము అంటాం. బర్ము దాటితే కట్ట వాలు, వాలు కింద కాలువ. బర్ము మీదా వాలు మీదా గడ్డి మొలిస్తే, ఎర్ర మొరం మట్టి కనబడేదాకా పారతో చెక్కాలి. అదే మాకు తెలిసిన శుభ్రం.

ఆరుగురిలో పెద్దది అవ్వ. ఆమె వయసెంతో ఆమెకే తెలియదు. అవ్వ చెక్కిన బర్ము మీద పళ్లెం లేకుండా అన్నం పెట్టుకుని తినొచ్చని మేస్త్రి అనేవాడు. మా అందరిలోకీ పని తెలిసిన మనిషి ఆమె. మమ్మల్ని తిట్టే హక్కు కూడా ఆమెదే.

చెక్కిన గడ్డిని దులిపి, మూటలు కట్టి, సాయంత్రం లారీలో తెచ్చి నాంపల్లి స్టేషను ముందు జట్కాల వాళ్లకు ఇచ్చేవాళ్లం. వానపడ్డ రోజున వాళ్లు మమ్మల్ని జట్కాలో ఇల్లు చేర్చేవారు. అదొక ఒప్పందం, ఎవరూ పెట్టుకోకుండా కుదిరింది.

ఒక ఎండాకాలం మొదట్లో చిన్న ఇంజనీరు సారు బదిలీ మీద వచ్చారు. గోదావరి వైపు మనిషి. పెళ్లికాలేదు, అబిడ్స్‌లో ఒక లాడ్జిలో గది తీసుకుని ఉండేవారు. మాబోటి వాళ్లను కూడా అండీ అనే పిలిచేవారు. మొదటి వారం అంతా ఆయన అండీ అన్నప్పుడల్లా మేం కొంగు నోటికి అడ్డం పెట్టుకునేవాళ్లం.

ఆయన వస్తూనే మా రోడ్డు మీద ఒక కల్వర్టు పక్కన మూడు ముక్కలు కొలిపించారు. ఒక్కొక్కటి నూరు గజాలు. హద్దులకు సున్నం పూసిన రాళ్లు పాతించి, మమ్మల్ని నిలబెట్టి చెప్పారు.

"చూడండమ్మా, మొదటి ముక్క మీరు ఎప్పటిలాగే చెక్కండి. రెండోదాంట్లో గడ్డి చచ్చే మందు కొడతారు. మూడోదాంట్లో మాత్రం పార పెట్టొద్దండీ. పదిహేను రోజులకోసారి కొడవలితో కోసి, జానెడు వదిలేయండి. ఏది మంచిదో వానాకాలం అయ్యేసరికి తేలుతుంది."

"జానెడు ఇడిస్తే కోసినట్టెట్ల అయితది సారూ?" అంది అవ్వ.

"వేళ్లు మట్టిని పట్టుకుని ఉండాలి కదండీ."

"మట్టి యాడికి పోతది? ఇన్నేండ్ల సంది గీడనే ఉన్నది."

సారు నవ్వి ఊరుకున్నారు. ఊరుకోకుండా ఉంటే బాగుండేదని తర్వాత ఆయనే అన్నారు.

మధ్యాహ్నం సద్ది విప్పుకున్నప్పుడు మేస్త్రి అసలు మాట చెప్పాడు.

"మంచిగ ఇనుర్రి. ఏ ముక్క గెలిస్తే అదే రోడ్డంత పెడ్తరు. మందు గెలిచిందనుకో, వీపుకు పంపు కట్టుకున్నోడు ఒక్కడు చాలు. మీ ఆరుగురి పేర్లు మస్టరుల ఉండయి."

విప్పిన సద్దులు అట్లాగే మళ్లీ మూటగట్టాం. ఆరుగురిలో నలుగురి ఇళ్లలో మా కూలీయే పొయ్యి వెలిగించేది. నేను ఆ నలుగురిలో ఒకదాన్ని.

మందు కొట్టే మనిషి నడివయసువాడు, మాటకారి. వీపున పంపు మోసుకుని వచ్చి మొదటి రోజే అవ్వను కదిలించాడు.

"అవ్వా, నేనొక్క పూట కొడితే నువ్వు ఏడాది చెక్కినంత!"

"కొట్టు బిడ్డా, కొట్టు. నీ మందుకు గడ్డే సస్తదో, నువ్వే సస్తవో సూద్దాం. ముక్కుకు జర గుడ్డన్న కట్టుకో."

మర్నాటి నుంచి అతను ముక్కుకు రుమాలు కట్టుకునే వచ్చాడు. జట్కాల వాళ్లకు కూడా ఈ మందు సంగతి తెలిసిపోయింది. మూట దించగానే "ఏ ముక్కది? మందుదా?" అని అడిగేవారు. అవ్వ ఒక పరక తీసి నోట్లో వేసుకుని నమిలి చూపేది. అప్పుడే గుర్రం ముందు వేసేవారు.

మూడో ముక్కలో గడ్డి కొలవడం నా పని. సారు అబిడ్స్‌లో ఒక కర్ర కొనుక్కొచ్చి దానికి రంగులు వేయించారు. జానెడు దాకా ఎరుపు, ఆ పైన తెలుపు. నేను దాన్ని గడ్డిలో నిలబెట్టి, ఎరుపు కనబడుతోందో లేదో అరిచి చెప్పాలి. ఎరుపు కనబడకపోతే గడ్డి జానెడు ఉన్నట్టు. సారు రోడ్డు మీద నిలబడి రాసుకునేవారు. మూడు నెలలు అట్లా చేశాం. అంటే చెక్కొద్దన్న సంగతి ఆరుగురిలో నాకే అందరికంటే బాగా తెలుసు. ఇది ముందే చెప్పుకోవడం మంచిది.

మందు కొట్టిన ముక్క మొదట పసుపుపచ్చగా మారి, తర్వాత బోసిగా, నున్నగా తయారైంది. చూసినకొద్దీ మాకు భయం వేసేది. మేం చెక్కినది కూడా అంత నున్నగా లేదు. మూడోదైతే తొలకరి జల్లుకు పచ్చగా లేచి, దువ్వని తలలా ఉండేది. కల్వర్టు దగ్గర బస్సు నెమ్మదించినప్పుడు కండక్టర్లు తలలు బయట పెట్టి, "ఏందమ్మా, పనికొచ్చిన్రా, పండుకోనీకి వచ్చిన్రా?" అని అరిచి పోయేవారు. అవ్వకు ఆ మాట ముల్లులా గుచ్చుకునేది.

అప్పుడు కబురు వచ్చింది. పెద్ద ఇంజనీరు సారు శుక్రవారం వస్తున్నారు, మూడు ముక్కలూ చూసి వెళతారు అని.

శుక్రవారం పొద్దున లారీ దిగగానే అవ్వ మూడో ముక్క ముందు నిలబడింది.

"గిట్ల చూపెడ్తమా? చూసినోడు ఏమనుకుంటడు? ఈ ఆడోళ్లు పని ఎగ్గొట్టిన్రు, మందే నయమనుకుంటడు. పెద్దమనిషి ఇంటికొస్తుంటే వాకిలి ఊడ్వకుంట కూసుంటమా?"

"సారు వద్దన్నరు గదనే," అంది ఒకామె.

"వద్దన్నది ఉట్టి రోజులకు. గీ రోజుకు కాదు."

ఈ వాదనలో తప్పెక్కడుందో ఆ పొద్దున మాకెవ్వరికీ దొరకలేదు. చెప్పగలిగినదాన్ని నేను. చెప్పకపోగా, "సాఫ్‌గ చేస్తే చిన్న సారుకు సుత మంచి పేరొస్తది" అన్నాను. మేస్త్రి మైలురాయికి సున్నం వేయించే పని ఉందని అటు నడిచాడు. పోతూ పోతూ, "నేను సూడలె," అన్నాడు.

ఆరు పారలు ఒక్కసారి పడ్డాయి. అంత వేగంగా మేం ఎప్పుడూ చెక్కలేదు. బర్మూ వాలూ కలిపి ఎర్రగా తేల్చుకుంటూ కల్వర్టు వైపు వచ్చాం. ఇంకో పది గజాలు ఉందనగా జీపు కనబడితే, చెక్కిన గడ్డినంతా ఆ మిగిలినదాని మీదికే నెట్టి కప్పేశాం. చెప్పిన వేళకంటే ముందే వచ్చారు. పారలు దించి, కొంగులు సర్దుకుని వరసగా నిలబడ్డాం. లోపల చాలా సంతోషంగా ఉన్నాం.

పెద్ద సారు హైదరాబాదు మనిషే. తల నెరిసింది, మాట తక్కువ. మొదటి ముక్క చూశారు, రెండోది చూశారు, మూడోదాని మధ్యలో ఆగారు.

"మూడు ముక్కలన్నరు. నాకు రెండు తీర్లే కనబడుతున్నయి. మూడో తీరు ఏది?"

చిన్న సారు చూపు కింది మొరం మీద ఉంది. ఆయన ముఖం చూశాక మా సంతోషం ఆ నిమిషమే పోయింది.

"మూడు నెలల సంది కాయితాల మీద గడ్డి జానెడు, గడ్డి జానెడు అని రాస్తున్నరు. ఏది? యాడున్నది జానెడు గడ్డి?"

మేస్త్రి ముందుకొచ్చాడు. "మేకలు సార్. నిన్న మేకల మంద పడ్డది."

పెద్ద సారు వంగి నేలను చూశారు. "మేకలు పారలతోటి మేస్తయా మేస్త్రీ?"

చిన్న సారుకు అంతా అర్థమైంది. మా కాళ్ల దగ్గర పారలు ఇంకా తడిగానే ఉన్నాయి. అయినా ఆయన మా వైపు వేలు చూపలేదు. ఆయన రాసినవన్నీ అబద్ధాలైపోతున్నాయి. ఎరుపు కనబడలేదు, కనబడలేదు అని అరిచి రాయించింది నేను. ఇక ఉండలేకపోయాను.

"సార్, గడ్డి ఉండె సార్. జానెడు ఉండె. నేనే కొలిచిన. పొద్దున మేమే చెక్కినం."

"ఎవరు చెక్కమన్నరు?"

"ఎవరు అనలె సార్. మీరొస్తున్నరని చెక్కినం."

"నేను రాకపోతే?"

"రాకపోతే గడ్డి అట్లనే ఉంటుండె సార్."

ఆయన మీసాల కింద నవ్వులాంటిది ఏదో కదిలింది గానీ బయటికి రాలేదు. చేతిలో కాయితాలు మడిచి చిన్న సారుకు ఇచ్చేశారు.

"చాలు. ఈ పరీక్ష ఇక్కడికి బంద్. వానలు పోయినంక రోడ్డంత మందు కొట్టియ్యిన్రి. గ్యాంగు అప్పటిదాంక ఉంటది."

తిరుగు లారీలో చిన్న సారు డ్రైవరు పక్కన కూర్చుని, నాంపల్లి దాకా ఆ కాయితాల మడతలు సాపు చేసుకుంటూనే ఉన్నారు. నాలుగు తిట్టి ఉంటే మాకు తేలికగా ఉండేది. మా తాపత్రయమంతా మా కూలీ నిలబెట్టుకోడానికే, దాన్ని మేమే ఊడ్చేసుకున్నాం.

ఆదివారం అవ్వా నేనూ వేయించిన పల్లీలు గుడ్డలో కట్టుకుని నాంపల్లి నుంచి అబిడ్స్‌కు నడిచి వెళ్లాం. లాడ్జి మేనేజరు మమ్మల్ని గుమ్మంలోనే ఆపాడు.

"గడ్డి అమ్మేటోళ్లా? ఇక్కడ గుర్రాల్లేవు, పోండి."

"గుర్రాలొద్దు నాయినా. గడ్డి పెంచే సారు కావాలె," అంది అవ్వ.

"ఓ, ఆయనా! డాబా మీద డబ్బాలు పెట్టి నా గోడలన్నీ తడుపుతున్నడు. తీస్కపోండి, మీకు పుణ్యముంటది."

డాబా మీద చిన్న సారు బనీనుతో కూర్చుని ఉన్నారు. మమ్మల్ని చూసి గబగబా చొక్కా వేసుకున్నారు. ఆయన ముందు రెండు కిరసనాయిలు డబ్బాలు, నిలువునా కోసి, మా రోడ్డు మొరం నింపి, ఇటుకల మీద వాలుగా పెట్టి ఉన్నాయి. ఒకదాంట్లో జానెడు గడ్డి. ఒకటి బోడి. రెండింటి కిందా ఒక్కో గాజుగ్లాసు. ఆయన చెంబు తీసి రెండింటి మీదా నీళ్లు పోశారు.

బోడి డబ్బా కింద గ్లాసులోకి ఎర్రగా, చిక్కగా దిగాయి నీళ్లు. గడ్డి డబ్బా కింద గ్లాసులోంచి చూస్తే అవతల ఇటుక కనబడుతోంది.

అవ్వ రెండు గ్లాసులనూ ఎత్తి వెలుతురుకు పట్టి చూసింది. కింద అబిడ్స్ రోడ్డు మీద బస్సుల రొద.

"గీ ముచ్చట మాకు మొదలే చూపిస్తే అయిపోతుండె గద సారూ?"

"చూపించాల్సిందేనండీ," అన్నారాయన. "పెద్దాయనకు పేజీలు రాసి పంపాను గానీ, కోసేవాళ్లకు ఒకసారి చూపించాలని తోచలేదు. అందులో తప్పు నాదే."

ఒక పై అధికారి మా ముందు అట్లా అనడం అదే మొదటిసారి. ఏం చేయాలో తెలియక అవ్వ పల్లీల మూట ఆయన చేతిలో పెట్టింది. అప్పుడు నాకు చెప్పాలనిపించింది.

"సార్, కల్వర్టు కాడ జర మిగిలింది. జీపు తొందరగ వచ్చింది గద, అది చెక్కలేదు."

ఆయన లేచి నిలబడ్డారు. "ఎంత?"

"పది గజాలు. తక్కువుంటే తొమ్మిది."

"దాని జోలికి ఎవ్వరూ పోకండి," అన్నారు. "నేనొచ్చినా సరే, దేవుడొచ్చినా సరే."

మర్నాడు అవ్వ ఆ పది గజాల చుట్టూ ముళ్లకంప వేయించింది. తర్వాత మూడు వారాలు దాన్ని కాపలా కాశాం. రోడ్డు పక్కన ఈ కంప ఏమిటని మేస్త్రి ఒకసారి కాలితో తన్నబోతే, అవ్వ పార ఎత్తింది. అతను మళ్లీ అటు పోలేదు.

అప్పుడు ముసురు పట్టింది. రెండు రోజులు ఆగకుండా కొట్టింది. నాంపల్లిలో మా బస్తీలోకి నీళ్లు వచ్చాయి. గిన్నెలతో తోడి పోసుకుంటూ కూడా మేం ఆ పది గజాల గురించే మాట్లాడుకున్నాం. మూడో రోజు లారీ కదలగానే చిన్న సారు గొడుగు ముడిచి మాతోపాటు వెనకే ఎక్కారు.

మేం ఎప్పుడూ చెక్కే మొదటి ముక్కలో వాలు మీద జెర్రులు పాకినట్టు కోతలు పడ్డాయి. మందు ముక్క ఇంకా అన్యాయం. వేళ్లు కూడా చచ్చిపోయి, కట్ట ఒక చోట జారి కాలువలో కూర్చుంది. మూడోదాంట్లో మేం చెక్కినంత మేరా మొరం కోసుకుపోయి, ఒక చోట తారు కింద చేయి పట్టేంత బొరియ పడింది. ఏ బస్సు చక్రమైనా అక్కడికి దిగితే అంతే. చివర్న, ముళ్లకంప లోపల, పది గజాల గడ్డి నీటివాలుకు పడుకుని ఉంది. దాని కింద కట్ట ఎక్కడిదక్కడే ఉంది.

పంపు మనిషి కూడా వచ్చి చూసి రుమాలు విప్పేశాడు. "నా మందు వేళ్లను సుత తిన్నది అవ్వా."

"నీ తప్పేమున్నది బిడ్డా. మా పారలు చేసింది గూడ గదే," అంది అవ్వ.

పెద్ద సారు రెండు రోజుల తర్వాత వచ్చారు. ఈసారి వస్తున్నట్టు మాకు చెప్పలేదు. చెబితే ఏం చేస్తామో ఆయనకు తెలుసు. బూట్లతోనే వాలు దిగి, బొరియలో చేయి పెట్టారు. మోచేతి దాకా దిగింది. తర్వాత కంప పక్కకు జరిపి, గడ్డి దుబ్బు ఒకటి పట్టుకుని లాగారు. రాలేదు. రెండు చేతులతో లాగారు. అయినా రాలేదు. చేతులు దులుపుకుంటూ పైకి వచ్చి, చిన్న సారుతో, "మందు బంద్. జానెడు ఇడిచి కోపియ్యిన్రి," అన్నారు.

మేం ఊపిరి పీల్చుకునేలోపే ఇంకో మాట వచ్చింది.

"చెక్కేది లేకపోతే పని సగం దినంల అయిపోతది. మరి ఆరుగురు ఎందుకు? ముగ్గురు చాలు."

ఆరుగురం ఒకరినొకరం చూసుకోలేదు. ఆ ముగ్గురెవరో అని ఎవరికి వాళ్లం నేల చూపులు చూశాం. ఒకసారి నోరు విప్పి గ్యాంగును ముంచిన మనిషిని నేను. రెండోసారి విప్పితే పోయేదేముందనిపించింది.

"సార్, మా మూడు మైళ్ల అవతల ఎవరు కోస్తున్నరు?"

ఆయన చిన్న సారు వైపు తిరిగారు.

"ఎవరూ లేరండీ," అన్నారు చిన్న సారు. "అవతల నాలుగు మైళ్లకు గ్యాంగే లేదు. అక్కడి కట్ట ఇంతకంటే అన్యాయంగా ఉంది."

పెద్ద సారు రోడ్డు పొడుగునా కళ్లు చిట్లించి చూశారు. పడమటి నుంచి ఒక లారీ వచ్చి, మమ్మల్ని దాటి, ఊరివైపు పోయింది.

"అయితే అది గూడ వీళ్లకే ఇయ్యిన్రి," అని జీపెక్కారు.

ఆరుగురం ఆరుగురమే ఉండిపోయాం. మూడు మైళ్ల రోడ్డు ఏడు మైళ్లయింది. తర్వాత నన్ను గ్యాంగు మేస్త్రిని చేసినప్పుడు కూడా ఆ ఏడు మైళ్లే నాకు అప్పగించారు.

మర్నాడు లారీ మమ్మల్ని మొదటిసారి నాలుగో మైలు దాకా తీసుకుపోయి దించింది. నడుం లోతు గడ్డి, తుమ్మ మొలకలు, కనుచూపు మేరా అదే. అవ్వ చుట్టూ చూసి నా వైపు తిరిగింది.

"ఏడు మైళ్లా! నీ నోట్లె మన్ను వడ. జర మూస్కుంటే ఏం పోవునే నీది?"

తిట్టడం ఆపకుండానే పారను లారీలోకి గిరాటేసి, కొడవలి అందుకుని వంగింది. కోసే ముందు ఎడమ చేయి నేల మీద నిలబెట్టి, వేళ్లు చాచి, జాన కొలుచుకుంది.